దాపటి చక్రం

ఎద్దుల్ని అమ్మేసిన మరుసటి ఏడు మా గొడ్లచావిట్లోకి ఒక కారు వచ్చింది. వచ్చింది అనడం కూడా తప్పే. పత్తి మిల్లు నుంచి ట్రాక్టరుకు తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. రెండు చక్రాలకు టైర్లు లేవు. ఒట్టి ఇనుము నేలను గీసుకుంటూ వస్తుంటే ఆ చప్పుడుకు నరసరావుపేటలో మా వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది. ఎనభైల మొదట్లో సంగతి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

అది ఇంగ్లండులో తయారైన బండి. ఎప్పుడో గుంటూరులో పొగాకు వ్యాపారం చేసిన దొర ఒకాయన ఓడలో తెప్పించుకున్నాడట. దేశం వదిలి పోతూ మిల్లు యజమానికి ఇచ్చిపోయాడు. ఆయన సరదా తీరేదాకా తిరిగి, పత్తిగింజల బస్తాల వెనక పడేశాడు. ఇద్దరే పట్టే బండి. పైన కప్పు లేదు. మూతి పొడుగు, ఎత్తు తక్కువ, అందులో కూర్చుంటే రోడ్డు మీద చతికిలబడినట్టే ఉంటుంది. మా అత్తగారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, శవాన్ని తెచ్చినట్టు తెచ్చారేందిరా అన్నది. పొద్దున్నే ఆ మాటలేంటని మామగారు కసిరారు. కసిరినా ఆ మాట నా చెవిలో పడనే పడింది, ఇక పోలేదు.

మా ఆయనకు స్టేషను రోడ్డులో మోటార్ల వైండింగు షాపు ఉండేది. కాలువ నీళ్ళు అందని చేలల్లో బోర్లు పడుతున్న రోజులు. కాలిపోయిన మోటార్లు వరసగా వచ్చేవి. మిల్లులో ఒక మోటారు బాగుచేయడానికి పోయి ఈ కారును చూశాడు. పట్టుకుపోతే షెడ్డు ఖాళీ అవుతుందని మిల్లు యజమాని అన్నాడు, అంతే. మనిషి నెమ్మది. గొంతు పెంచడు, ఎవరితోనూ తగువు పడడు. కానీ ఒకటి పట్టుకున్నాడంటే ఉడుంపట్టు. నాకేమో ముక్కు మీద కోపం. ఇంట్లో స్టవ్వుకు వత్తులు తెమ్మంటే నెల పట్టే మనిషి, ఆ కారు తలుపు రబ్బరు కోసం మద్రాసు దాకా పోయొచ్చాడు. తిరిగొచ్చిన రోజు నేను ఆయనకు అన్నం పెట్టాను గానీ కూర వెయ్యలేదు. ఆయన అది గమనించినట్టు కూడా లేడు. రబ్బరును ఒళ్ళో పెట్టుకుని మజ్జిగన్నం తిని చావిట్లోకి పోయాడు.

తోడు దొరికింది ఒక లారీ మెకానిక్కు. వినుకొండ రోడ్డులో ఆయన షెడ్డు. చిన్నా పెద్దా అందరం భాయ్ అనే పిలిచేవాళ్ళం. ఈ బండి ఇంజనూ పాత అంబాసిడరు ఇంజనూ ఒక తల్లి పిల్లలేనని మూత తీసిన రోజే ఆయన కనిపెట్టాడు. అక్కణ్ణుంచి ఎక్కడ అంబాసిడరు మూలపడి ఉందంటే అక్కడికి వీళ్ళిద్దరూ. పిస్టన్లు ఒకదాని నుంచి, కార్బురేటరు ఇంకొకదాని నుంచి, రేడియేటరు నడికుడిలో ఎవరి దొడ్లోనో కోళ్ళు గుడ్లు పెడుతున్న డొక్కు కారు నుంచి. సీట్లు రిక్షా టాపులు కుట్టేవాడు కుట్టాడు. ముందు అద్దం పాత బస్సు అద్దాన్ని కోసి బిగించారు. బొంత కుట్టినట్టు కుట్టారు కారును.

ఆ సామానులో ఎక్కువ భాగం వినుకొండ రోడ్డులో లారీని గుద్దుకుని నుజ్జయిన ఒక అంబాసిడరుది. అందులో ఉన్నవాళ్ళెవరూ బతకలేదు. భాయే చెప్పాడు, దాచుకోలేదు. ఇనుముకేం తెలుసమ్మా అని నాకు సర్దిచెప్పాడు కూడా. గేరు బాక్సు తెచ్చి దించిన రోజు దాని సందుల్లోంచి గాజు పెంకులు రాలాయి. అవి కారు అద్దానివో, చేతి గాజులవో దగ్గరికి పోయి చూసే ధైర్యం లేక చీపురుతో ఊడ్చి పారేశాను. అత్తగారు ఆ రోజు నుంచి చావిట్లో కాలు పెట్టలేదు. ప్రతి అమావాస్యకూ గుమ్మానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టేది, మా ఆయన వాటి కింద తల వంచి లోపలికి పోయేవాడు. నాకు ఆ గేరు బాక్సు అంటే భయం. ఆ అంబాసిడరు నుంచే తీసి సీటు కింద పెట్టిన పాత స్పాంజి అంటే భయం. మేమందరం భయపడింది వాటికే.

ఇంతలో నాకు నెల తప్పింది. మా వైపు తొలి కాన్పుకు పుట్టింటివాళ్ళు బేసి నెలలో వచ్చి తీసుకెళ్తారు. ఏడో నెల దాటితే తొమ్మిదో నెల దాకా ఆగాల్సిందే. అంత ఆలస్యం వద్దు, ఏడులోనే పంపండని గురజాల నుంచి మా అమ్మ కబురు చేసింది. ఆ కబురు విన్న పూటే మా ఆయన నోటమ్మట ఆ మాట వచ్చింది. నిన్ను ఈ బండిలోనే మీ ఊరు తీసుకెళ్తా అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నాతో అడక్కుండా చెప్పిన మొదటి మాట అది. నాకు సంతోషమే వేసింది, ఆ రోజు వరకూ. మర్నాటి నుంచి నా కడుపూ ఆ కారూ పోటీపడి పెరిగాయి. ఆయన నా నెలలు లెక్కపెట్టుకునేది నా కోసమో కారు కోసమో తెలిసేది కాదు.

అన్నిటికంటే సతాయించినవి ముందు చక్రాలు. మామూలు కారు చక్రానికి చుట్టూ నట్లు ఉంటాయి. దీనికి నడిమధ్యలో ఒక్కటే పెద్ద నట్టు, రెండు చెవులతో. రాగి సుత్తితో ఆ చెవి మీద కొట్టి బిగించాలి, కొట్టే ఊడదీయాలి. ఒక పక్క నట్టుకు మామూలు మర, రెండో పక్క దానికి ఎడం మర, అంటే ఎదురు తిప్పితే బిగిసే తిరకాసు మర. బండి ముందుకు పోయేకొద్దీ రెండూ వాటంతటవే బిగుసుకోవాలని చేసినవాడు అట్లా చేశాడు. అటుది ఇటు పెడితే పోయేకొద్దీ వదులవుతాయి. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. అప్పట్లో మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

మా బండికి ముందు చక్రాలు ఎక్కే హబ్బుల పళ్ళు అరిగిపోయాయి. అలాంటి బండే ఇంకొకటి బెజవాడలో పాత ఇనుము సందుల్లో ఉందని తెలిసింది. మా ఆయనకు షాపులో చేతినిండా పని. అందుకని భాయ్, తోడుగా మామగారు పోయారు. మామగారికి అప్పటికే ఆ కారు మీద మమకారం పుట్టింది. ఎద్దులు పోయినప్పటి నుంచి పొద్దున లేవగానే పోయి చేయి వేసి నిమరడానికి చావిట్లో ఏదో ఒకటి ఉండాలి ఆయనకు.

బెజవాడలో ఏం జరిగిందో ఇద్దరినీ విడివిడిగా అడిగి నేను తెలుసుకున్నాను. భాయ్ ఆ తుప్పు బండి మూతికి ఎదురుగా గొంతుక్కూర్చుని విప్పాడు. తన ఎడంచేతి వైపున్న, అంటే తోలేవాడికి కుడి పక్కనుండే హబ్బును నట్టుతో సహా ఊడదీసి మామగారి చేతికిస్తూ, ఇది ఎడం పక్కది పెద్దాయనా, రెండోదాంట్లో కలవనియ్యమాక అన్నాడు. మామగారి లెక్కలో బండికి ఎడమా కుడీ ఉండవు. దాపట, ఎలపట ఉంటాయి. దాపటెద్దు ఎడం పక్క, ఎలపటెద్దు కుడి పక్క, అదీ తోలేవాడు వెనక కూర్చుని చూస్తే. ఎద్దుల మూతికి ఎదురుగా నిలబడి ఎడమా కుడీ చెప్పేవాణ్ణి ఆయన జన్మలో చూసి ఉండడు. ఎడం అన్నాడు గనక దాపటిదే అనుకుని, దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టి, సుద్దముక్కతో దా అని రాశారు.

ఇంటికొచ్చాక ఆ గుర్తు చూసి భాయ్ అడిగాడట, దా అంటే ఏ పక్కని. తోలేవాడికి ఎడం పక్క అన్నారు మామగారు. పెద్దాయన తన మాటను తోలేవాడి వైపుకు తిప్పి రాసుకున్నాడనుకుని భాయ్ ఆ పక్కే బిగించాడు. బిగిస్తూ ఒక్క క్షణం ఆగాడట, అనుమానమొచ్చి. నట్టు తిప్పి చూశాడు. ఎడం పక్కకు ఎడం మర వచ్చింది. ఆయన చిన్నప్పటి నుంచి పనిచేసిన లారీలకు ఎడం పక్క ఎడం మరే ఉంటుంది, ఈ బండికి అది తిరగేసి ఉంటుందని ఆయనకు తెలియదు. సరిపోయింది గదా అని నిశ్చింతగా సుత్తి తీసుకున్నాడు. ఇద్దరూ పని తెలిసినవాళ్ళే, ఇద్దరూ జాగ్రత్తపడ్డవాళ్ళే. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, ఎవరి మీద మండాలో తెలియక.

ఆ నట్ల మీద ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. ఏ పక్కదో, ఎటు తిప్పితే ఊడుతుందో బాణం గుర్తుతో సహా రాసి ఉండేది. ఇంట్లో అది చదవగలిగింది మా ఆయన ఒక్కడే. కానీ ఆయన చదవలేదు. తుప్పు మాత్రమే చూశాడు. బెజవాడ సంచీ విప్పిన రోజే ఆ రెంటినీ గుంటూరు పంపించి అరగదీయించి, నికెలు పాలిష్ పెట్టించాడు. అద్దంలో చూసుకున్నట్టు మొహం కనబడేది వాటిలో. అక్షరం ముక్క మిగల్లేదు.

ఏడో నెల రానే వచ్చింది. బండి లేచింది. దాని గొంతు లారీలా ఉండదు, బస్సులా ఉండదు. గుర్రుగుర్రుమని పైకి లేచి ఒక్కసారిగా ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. మా ఆయన మొహంలో అలాంటి వెలుగు పెళ్ళిలో కూడా చూడలేదు నేను. అత్తగారు ఎట్టకేలకు చావిడి గుమ్మం దాకా వచ్చి, బండి కదిలే ముందు చక్రాలకు పసుపు రాసి బొట్లు పెట్టమని నాకు పురమాయించింది. కడుపుతో ఉన్నదాన్ని, వంగలేక పీట వేసుకుని కూర్చుని పెట్టాను. నట్టు చెవి కొసన ఒక బొట్టు, దానికి సరిగ్గా ఎదురుగా చక్రం మీద ఇంకొకటి. నాలుగు చక్రాలకూ అట్లాగే జతలు జతలుగా పెట్టాను. నాకు ఏదైనా వరసగా ఉండాలి, వంకరగా ఉంటే నచ్చదు.

మా ఆయన ఒక్కడే కోటప్పకొండ దాకా పోయి, కొబ్బరికాయ కొట్టి తిరిగొచ్చాడు. నేను ఎదురుపోయి దిష్టి తీస్తూ చక్రాల వంక చూశాను. వెనక చక్రాల మీద బొట్ల జతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ముందు రెంటి మీదా నట్టు బొట్టు ఒకచోట, చక్రం బొట్టు ఇంకొకచోట ఉన్నాయి. హారతి పళ్ళెం కింద పెట్టి ఆయన్ను పిలిచాను.

"బొట్లు తప్పుకున్నాయి, చూడండి."

"చక్రం తిరక్కుండా బండి ఎట్టా పోద్దే?" అని నవ్వాడు.

"చక్రం తిరిగితే రెండు బొట్లూ కలిసే గదా తిరగాలి. ఒకటి ఎందుకు తప్పుకుంది?"

ఆయన నవ్వు ఆగింది. సుత్తి తెచ్చి రెండు నట్లనూ కొట్టి చూశాడు. రెండూ కొంచెం కదిలాయి. కొత్తగా వేసిన సామాను, సర్దుకుంటది అన్నాడు. సాయంత్రం భాయ్ వచ్చి అదే మాట అన్నాడు. లారీకి చక్రం మార్చినా కొంత దూరం పోయాక ఆపి మళ్ళీ బిగిస్తాం గదమ్మా, భయపడమాక అన్నాడు. అది అబద్ధం కాదు. అయినా ఆ పూటంతా నేను మాటిమాటికీ చావిట్లోకి పోయి ఆ చక్రాల్ని చూసొచ్చాను. కాన్పు భయం అనుకున్నారు.

మా అమ్మా నాన్నా చలిమిడి, సున్నుండలు పట్టుకుని వచ్చారు. కారులో చోటు ఇద్దరికే గనక పెట్టెలతో వాళ్ళు ముందు బస్సుకు పోవాలి, మేము వెనక పోవాలి. మా నాన్నకు ఇది బొత్తిగా నచ్చలేదు. కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి పెట్టెల్ని తీసుకెళ్తున్నానని అమ్మతో గొణిగాడు. అల్లుడితో మాత్రం, మీ ముచ్చట కాదనను, నెమ్మదిగా రండి అన్నాడు. బస్సెక్కేటప్పుడు నా వంక చూసిన చూపు నాకు గుర్తుంది. దిగి నాతోపాటు ఉండిపోదామా అన్నట్టు చూశాడు.

మేము బయల్దేరేసరికి ఎండ ఎక్కింది. మాఘం వెళ్ళిన రోజులు, రోడ్డు పక్క కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలికి ఘాటు కొట్టి నాకు తుమ్ములు ఆగలేదు. నకరికల్లు దాటేదాకా ఆయన నెమ్మదిగానే తోలాడు. ఎదురొచ్చే లారీవాళ్ళు హారను కొట్టి నవ్వుతూ పోతుంటే ఆయన చెయ్యెత్తి పలకరించేవాడు. నేను తలుపు పట్టుకుని కూర్చున్నాను. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

పిడుగురాళ్ళలో రేడియేటరుకు నీళ్ళు పోయడానికి ఆపాడు. సున్నపు బట్టీల దుమ్ము ఊరంతా తెల్లగా పరుచుకుని ఉంది. నేను దిగి నేరుగా ముందు చక్రం దగ్గరికి పోయాను. పొద్దున్నే మళ్ళీ జతగా పెట్టిన బొట్లలో ఇప్పుడు నట్టు బొట్టు పైనుంటే చక్రం బొట్టు కిందికి పోయింది. అవతలి పక్కకు పోయి చూశాను. అక్కడా అంతే. వెనక చక్రాల దగ్గర ఏమీ కదల్లేదు. అప్పుడే గురజాల పోయే బస్సు ఇంకొకటి వచ్చి ఆగింది.

"నేను బస్సుకొస్తా. మీరు బండి తీసుకుని రండి" అన్నాను.

ఆయన చెంబు కింద పెట్టాడు. బండి చుట్టూ మూగిన జనం వంక చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "మీ నాన్న బజార్లో నిలబడి ఉంటాడే. నువ్వు బస్సు దిగితే నా మొహం ఎట్టా ఉంటదో చూసుకో."

"మీ మొహం కోసం నేను ప్రాణాల మీదికి తెచ్చుకోవాలా?"

"నీకేం కానియ్యను. నా మాట నమ్ము."

బతిమాలడం ఆయనకు చేతకాదు. ఆ రెండు ముక్కలు అనడానికే మొహం ఎర్రబడింది. వేళ్ళనిండా రాగి తీగలు కోసిన గాట్లు, గోళ్ళ కింద గ్రీజు. ఏడాది పొడుగునా ఆ చేతులు ఆ బండి కోసం పడ్డ పాట్లు నేను చూశాను. బస్సు కండక్టరు ఒకసారి కేకేసి, నేను కదలకపోతే బెల్లు కొట్టేశాడు. ఆయన సుత్తి తీసి నట్లను శక్తికొద్దీ కొట్టాడు. ఆ దెబ్బలకు బట్టీల దగ్గర పనిచేసేవాళ్ళు కూడా తిరిగి చూశారు. కొట్టడం అయ్యాక నా దగ్గర కుంకుమ లేక, నా నుదుటి బొట్టునే వేలితో కొంత చెరిపి తీసి, నట్టుకూ చక్రానికీ మళ్ళీ జతగా పెట్టాను. మంగళసూత్రం ఉన్న ఆడది దారిలో బొట్టు చెరుపుకుంటుందా అని పక్కనే జామకాయలమ్ముకునే ముసలమ్మ నన్ను తిట్టింది. ఎక్కి కూర్చున్నాను.

ఊరు దాటాక రోడ్డు తిన్నగా ఉంది. ఆయన కొంచెం వేగం పెంచాడు, తొందరగా చేరిపోతే నా భయం తీరుతుందని కాబోలు. కాసేపటికి నా కాళ్ళ కింద రేకు సన్నగా వణకడం మొదలైంది. ఆ తర్వాత టకటకమని ఒక చప్పుడు, ఆగి ఆగి. నేను తలుపు మీంచి వంగి చూశాను. నా వైపు ముందు చక్రం అటూ ఇటూ తల ఆడిస్తోంది. ఆపండి అన్నాను. ఆయనకూ తెలిసింది, స్టీరింగు రెండు చేతులా బిగించి పట్టుకుని, ఆపుతున్నా, ఆపుతున్నా అంటున్నాడు.

చక్రం ఊడిన చప్పుడు నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా అది మమ్మల్ని దాటి ముందుకు పోవడం. నా పక్కనుంచే, నిటారుగా, మాకంటే వేగంగా, దాని పని మీద అది పోతున్నట్టు పోయింది. ఆ వెంటనే నా వైపు బండి నేలకు దిగింది. ఇనుము రోడ్డును కోసుకుంటూ పోయింది. నిప్పురవ్వలు నా చీర మీద పడ్డాయి. రెండు చేతులూ కడుపుకు అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. బండి ఒక పక్కకు తిరిగి, రోడ్డు అంచున తుమ్మచెట్టుకు జానెడు దూరంలో ఆగింది.

దుమ్ము తగ్గకముందే ఆయన నన్ను తడిమాడు. తల, చేతులు, పొట్ట. పొట్ట మీద చెయ్యి పెట్టి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. లోపల బిడ్డ గట్టిగా తన్నింది. అది ఆయన చేతికి తెలిసింది. అప్పుడు ఏడ్చాడు. నా మీద ఒక్క గీత లేదు, ఆయన మీద లేదు.

"ఏం కాలేదే. ఏం కాలేదు. నీకేం కానియ్యనన్నానా?"

నేను ఆయన వంక చూడలేదు. నేను చక్రాన్ని చూస్తున్నాను. అది రోడ్డు దిగి మిరప కళ్ళంలోకి పోయింది. ఆరబోసిన కాయల మధ్య కొంగులు మూతికి కట్టుకుని ఆడవాళ్ళు తాలు కాయలు ఏరుకుంటూ కూర్చుని ఉన్నారు, రోడ్డుకు వీపు పెట్టి. ఆ ఎరుపులో దారి చేసుకుంటూ పోయి అది అవతలి గట్టు దగ్గర పక్కకు పడింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ముందు చక్రం వంక, తర్వాత మా వంక చూశారు. ఆ తర్వాత అందరూ కిందికి చూశారు. వాళ్ళలో ఒకామె లేవలేదు.

ఆయన నా పొట్ట మీద చెయ్యి తియ్యకుండా, ఏం కాలేదు, ఏం కాలేదు అని ఇంకా అంటూనే ఉన్నాడు.